పురుగులింట్లో వినబడిన దగ్గు

దయ్యాలంటే నవ్వేదాన్ని నేను. చాకవేలులో మా అమ్మ దిష్టి తీస్తుంటే ఉప్పు దండగని కసురుకునేదాన్ని. ఇప్పుడు కూడా నమ్ముతున్నానని చెప్పను. జరిగింది చెబుతాను, అంతే.

పెళ్లయి జంగమకోటె వచ్చాక పట్టుపురుగుల పని నేర్చుకున్నాను. గూడు కట్టే ముందు పురుగులు రాత్రింబవళ్లు ఆకు తినే ఆఖరు మేతప్పుడు ఇక్కడ ఇల్లు వదిలి ఎవరూ కదలరు. సరిగ్గా అప్పుడే మా ఆయనకు రొమ్ములో ఎడమపక్క నొప్పి, ఆయాసం మొదలయ్యాయి.

"పురుగు గూడు కట్టనీ, పోదాం" అంటూ రోజులు నెట్టాడు. ఆ మొండితనం తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

చివరికి కూలబడితే చిక్కబళ్లాపురంలో ఆసుపత్రికి తీసుకుపోయాను. ఎడమ ఊపిరితిత్తి పూర్తిగా ముడుచుకుపోయిందన్నారు. పక్కటెముకల మధ్య గొట్టం వేసి, ఊపిరితిత్తి చుట్టూ చేరిన గాలి తీశారు. కాసేపటికి లేచి కూర్చుని కాఫీ అడిగాడు. గండం గడిచిందనుకున్నాను.

అత్త పురుగుల దగ్గరే ఉండిపోయింది. అప్పుడే ఫోన్ చేసింది.

"ఆకేస్తే ఒక్క పురుగూ ముట్టలేదమ్మా. తలలెత్తి పెట్టుకోనుండాయి. పురుగులింటి లోపల వాడు దగ్గుతాండాడు. వాడు యాడుండాడు?"

"నా ఎదురుగానే ఉండాడత్తా, కాఫీ తాగుతాండాడు" అని విసుక్కున్నాను. అప్పటిదాకా ఆయన ఒక్కసారి కూడా దగ్గలేదు.

ఫోన్ పెట్టకముందే ఆయనకు దగ్గు మొదలైంది. ఆగలేదు. నోట్లోంచి గులాబీ రంగు నురగ వచ్చింది, పెదాలు నల్లబడ్డాయి. నర్సు కోసం కేకలు పెడుతున్నాను. చేతిలోని ఫోన్‌లో అత్త మెల్లగా అంటోంది: "అదేనమ్మా, ఆ దగ్గే."

ఐసీయూలో మిషన్ మీద పెట్టారు. చాలా రోజులు ముడుచుకున్న ఊపిరితిత్తి ఒక్కసారిగా విచ్చుకుంటే ఒక్కోసారి అందులో నీరు చేరుతుందని డాక్టరు చెప్పారు. ఇక దక్కడనే అనుకుని ఆ వరండాలో ఏడ్చాను. దక్కాడు.

పురుగులు మాత్రం మళ్లీ ఆకు ముట్టలేదు. అన్నీ చచ్చిపోతే అత్త గుంట తీసి పూడ్చింది. రోగమేదీ కనబడలేదని పట్టు ఆఫీసు నుంచి చూడటానికొచ్చినాయన అన్నాడు. మాతోపాటు అవే పురుగులు తెచ్చుకున్న పక్కింటివాళ్లకు గూళ్లు బాగానే వచ్చాయి.

ఊపిరితిత్తికి ఏమైందో డాక్టరు చెప్పారు. ఆయన దగ్గకముందే అత్త ఆ దగ్గు ఎలా విన్నదో నాకు ఇప్పటికీ తెలియదు.

అత్త విన్న దగ్గు సంగతి మా ఆయనకు చెప్పలేదు. ఒంట్లో సత్తువ వచ్చింది, కొత్త పురుగు తెద్దామని తొందరపెడుతున్నాడు. పురుగులింటి తాళంచెవి మాత్రం అత్త ఇవ్వడం లేదు. పొద్దున్నే ఒక్కతే వెళ్లి, ఆ తలుపుకు చెవి ఆనించి నిలబడుతుంది. ఏం వినబడుతోందని అడగడానికి నాకు ధైర్యం చాలడం లేదు.