ఎనిమిది కుట్లు తక్కువ

మా అమ్మాయి స్కూలు స్వెట్టరు ఉతికి తీగ మీద ఆరేసినప్పుడల్లా తడిసిన ఊలు వాసన వస్తుంది. ఆ వాసన తగిలిందంటే చేతిలో ఏ పనున్నా నిలవలేను, వెళ్ళి స్వెట్టరు అంచు పట్టుకుని కుట్లు లెక్కపెట్టి వస్తాను. మిషను అల్లినది, తప్పుండదని తెలుసు. అయినా లెక్కపెడతాను.

నందిగామలో నేను ఐదో తరగతి చదివిన ఏడాది, అరవైలు అప్పుడే మొదలైన రోజుల్లో, డిసెంబరు చలి మునేరు మీంచి వచ్చేది. తెల్లవారేసరికి కంది చేలు మంచులో మునిగి ఉండేవి. క్రిస్మసు ఇంకా పదిహేను రోజులుందనగానే ఇంటింటా అరిసెల పిండి దంచే రోకళ్ళ చప్పుడు, బెల్లం పాకం వాసన, నీరెండ పడే అరుగు కోసం ఆడపిల్లలం తోసుకుంటూ చింతపిక్కలాడటం మొదలయ్యేవి. ఆ చలి అందరికీ ముచ్చటే, ఒక్క మా మేనత్త రాహేలమ్మకు తప్ప. భర్త పోయాక ఆమె మా ఇంట్లోనే ఉండేది. చర్చిలో హార్మోనియం వాయించేది ఆమే. కిందటి క్రిస్మసు నాటి తెల్లవారు ఆరాధనలో చలికి వేళ్ళు కొంకర్లు పోయి, కీర్తన సగంలో హార్మోనియం ఆగిపోయింది. జనం ఒట్టి గొంతులతో పాట ముగించారు.

"ఈసారీ అట్టాగే అయితే కంచికచర్ల నుంచి ఎవరినో పిలిపిస్తారంటక్కా" అన్నాడు నాన్న, ఆమె మొహం చూడకుండా.

"పిలిపించుకోమను. నేను వెనకాల కూచుని అరిసెలు తింటా" అంది అత్త. అంది గానీ, ఆ పూట కుంపటి దగ్గర నుంచి లేవలేదు. వేళ్ళకు నువ్వులనూనె రాసుకుంటూ, ఒక్కో వేలే ముడిచి విప్పి చూసుకుంటూ కూర్చుంది. మా ఇంట్లో తాళాలు అమ్మవి, వడ్డన అమ్మది. అత్తకు ఉన్నదల్లా ఆదివారం ఆ ఒక్క గంటే. ఆ గంటసేపు అందరూ ఆమె మొదలుపెట్టేదాకా ఆగేవారు.

జగ్గయ్యపేటలో టీచరుగా చేసే మా చిన్నమ్మ ఆ శనివారం బస్సు దిగేటప్పటికి ఆమె సంచిలో ఒక పాత స్వెట్టరు ఉంది. మిషనరీ వాళ్ళకు విదేశం నుంచి వచ్చిన పెట్టెలోది. మోచేతులు చిరిగిపోయాయి గానీ, ముందు భాగంలో ఊలుతోనే అల్లిన రెండు జడలు మెలికలు తిరుగుతూ మెడదాకా పాకి ఉన్నాయి.

"ఇది విప్పేసి మీ అత్తకు చేతి తొడుగులు అల్లవే, వేళ్ళు బయటికుండేట్టు. జడ వేస్తే ఊలు మందంగా పడి వెచ్చగుంటది. మామూలు అల్లిక నేర్పాగా? జడ మాత్రం నాకూ రాదమ్మాయ్, నువ్వే లెక్కేసుకో."

సైకిలు చువ్వలు మూడు తెచ్చి మొనలు రాతి మీద నూరాను. ఊలు లాగి ఒక్కో వరసే విప్పుతూ, విప్పిన ప్రతి వరసకూ గచ్చు మీద సుద్దగీత గీశాను. ఏడు వరసలు సాఫీగా ఊడివచ్చాయి, ఎనిమిదో దాంట్లో కుట్లు తారుమారుగా ఉన్నాయి: ముందు నాలుగు, ఐదు, ఆరు, తర్వాత ఒకటి, రెండు, మూడు. మొదటి మూడు కుట్లనూ వేరే చువ్వ మీద ఆపి, తర్వాతి మూడూ ముందు అల్లాలన్నమాట! ఇక ఆ రోజు నుంచి నాకు కూర్చుంటే కాలు ఆగదు, ప్రార్థనలో కళ్ళు మూసుకుంటే వరసలే కనిపిస్తాయి.

మామూలు అల్లికలో అంగుళానికి ఐదు కుట్లు వచ్చాయి. అత్త అరచెయ్యి చుట్టూ దారం పెట్టి కొలిస్తే ఎనిమిది అంగుళాలు. నలభై కుట్లు, యాభై ఆరు వరసలు. పండగ ఇంకా ఐదు రోజులుందనగా కుడిచేతిది పూర్తిచేసి తొడిగాను. అది వేళ్ళ కణుపుల దగ్గరే బిగుసుకుపోయింది.

"ఏంటే లెక్కల పంతులమ్మా, ఇది నాకా, పిల్లికా?"

మళ్ళీ లెక్కపెట్టాను. నలభై ఉన్నాయి. దారం పెట్టి కొలిస్తే ఆరున్నర అంగుళాలే. లెక్క తప్పలేదు, కానీ మెలిక తిరిగిన కుట్లు దగ్గరికి లాక్కుని వెడల్పును తినేస్తాయని నాకు తెలియలేదు. తగ్గిన అంగుళన్నరకు ఇంకో ఎనిమిది కుట్లు కావాలి. నలభై ఎనిమిదిని యాభై ఆరుతో హెచ్చవేస్తే రెండువేల ఆరువందల ఎనభై ఎనిమిది. రోజుకు ఐదువందల నలభై కుట్లకు మించి నా చేతులు సాగవు. ఐదు రోజులకు రెండువేల ఏడువందలు. ఒక తొడుగు అయ్యేసరికి పన్నెండు కుట్ల వ్యవధి మిగులుతుంది. రెండోది ఎట్లా? వరసలు తగ్గించి చూశాను, జడ ఒకటి మానేసి చూశాను, ఏ దారిన వెళ్ళినా పండగే ముందొచ్చేస్తోంది. అయినా విప్పి మళ్ళీ మొదలుపెట్టాను. నాలుగో రోజు అల్లుతూ అల్లుతూ ఏడ్చేశాను.

"ఎందుకే?" అంది అత్త.

"ఒక్కటే అవుద్దత్తా. కుడిచేతిదే. ఎడంచేతిది కాదు."

అత్త నా మొహంలోకి చూసి, పక్కలు పట్టుకుని నవ్వింది. "ఓసి పిచ్చిదానా, ఎడంచేత్తో నేను వాయిస్తానటే? గాలి తిత్తి ఊపుతా. ఊపే చేతికి ఊపే కొద్దీ వేడే! ఇన్నేళ్ళు నా పక్కనే కూచున్నావు, చూళ్ళేదా?"

చూడలేదు. మనిషికి రెండు చేతులని లెక్క వేశానే గానీ, ఏ చెయ్యి ఏం చేస్తుందో చూడలేదు.

క్రిస్మసు తెల్లవారుజామున చర్చిలో మాటతో పాటు ఆవిరి వస్తోంది. అత్త ఒక చేతికే తొడుగుతో కూర్చుంది. మూడో చరణంలో ఒక మెట్టు మీంచి వేలు జారింది. నేను చాప అంచు పిడికిట పట్టుకున్నాను. పాట ఆగలేదు. ఆ తర్వాత నాలుగు క్రిస్మసులు అత్తే వాయించింది. కంచికచర్ల నుంచి ఎవరూ రాలేదు.

ఆ హార్మోనియం తిత్తి ఎప్పుడో చినిగిపోయింది. ఇప్పుడక్కడ కరెంటుతో పలికే వాయిద్యం. మీట నొక్కితే చాలు, స్వరం దానంతటదే నిలుస్తుంది, చలికీ ముసలితనానికీ తొణకదు. కీర్తన ఎత్తుకునే ముందు తిత్తి గాలి పీల్చుకునే ఆ చిన్న చప్పుడు లేదు. పాట సగంలో ఆగిపోతుందేమోనన్న భయం లేకుండా వినడం నాకు ఇంకా అలవాటు కాలేదు.