ముందు చక్రాల వణుకు

ఆదివారం పొద్దున్నే లాన్సెస్టన్ శివారులోని పాత క్వారీకి నెవిల్ అందరికంటే ముందొస్తాడు. మడత కుర్చీలో కూర్చుని, రిమోట్‌తో రాళ్ళెక్కే తన బొమ్మ ట్రక్కును ఒళ్ళో బోర్లించుకుంటాడు. ముందు చక్రాన్ని రెండు వేళ్ళతో ఆడించి, టక్కుమంటుందేమోనని చెవి ఒగ్గుతాడు. ముప్పై ఏళ్ళు బస్సు డిపోలో స్టీరింగులు బిగించిన మనిషి. ఈ రెండు నెలల్లో ఆ ట్రక్కుకు స్టీరింగ్ కడ్డీలు మార్చాడు, ప్రతి స్క్రూకూ జిగురు పెట్టి బిగించాడు. అయినా రాయెక్కేటప్పుడు ముందు చక్రాలు గజగజ వణుకుతూనే ఉన్నాయి. "నీ బండికి చలిజ్వరమొచ్చింది నెవ్, దుప్పటి కప్పు!" అని బొమ్మబళ్ళ క్లబ్బువాళ్ళు ఏడిపిస్తారు. "ఎక్కడో వదులుంది, పట్టుకుంటాగా," అంటాడు. ఫ్లాస్కులోని టీ పోసుకుంటూ మోకాలి మీద ఒలకబోసుకుంటే, ఆ నేరం గాలి మీదికి నెట్టేస్తాడు.

మొన్న ఆదివారం విసిగిపోయి, ఇరవై ఏళ్ళుగా తనతో బళ్ళు నడిపే కోరలీ చేతిలో రిమోట్ పెట్టాడు. "నువ్వు తోలు. ఆ వదులెక్కడుందో నేను దగ్గర్నుంచి చూస్తా," అని రాయి పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ట్రక్కు గీత గీసినట్టు రాయెక్కింది. చక్రాలు ఇసుమంతైనా అదరలేదు. నవ్వబోయినవాళ్ళు ఆగిపోయారు. అప్పుడు కోరలీ రిమోట్ మీద స్టీరింగ్ తిప్పే బుల్లి చక్రాన్ని వేళ్ళతో గబగబా అటూ ఇటూ తిప్పింది. ట్రక్కు ముందు చక్రాలు గడగడలాడాయి. "అవును నెవ్, వదులుగానే ఉంది," అంది. నెవిల్ ట్రక్కును చూడటం లేదు. ఆమె వేళ్ళను చూస్తున్నాడు. తర్వాత తన వేళ్ళు చూసుకుని లేచాడు. ఆమె రిమోట్ ఇవ్వబోతే చేతులు జేబుల్లో పెట్టేసుకున్నాడు. "నీ దగ్గరే ఉండనీ," అన్నాడు. "స్టీరింగ్ బాగానే బిగించాను."