ముందే ఉందన్న నొప్పి

మా ఊళ్ళో పరుగంటే, పడవ ఒడ్డుకు వస్తున్నప్పుడు తాడు అందుకోవడానికి తీసేదే. మా నాన్న వేటకు వెళ్ళేవాడు. మా అమ్మ ఆ చేపల్ని గంపకెత్తుకుని కోటబొమ్మాళి తీసుకెళ్ళి అమ్మేది. నేను ఆరబెట్టిన వలల మీంచీ, ఇసుకలోకి లాగిపెట్టిన పడవల ముక్కుల మీంచీ దూకుతూ పెరిగాను. దాన్ని ఎవరూ ఆట అనలేదు. వల తొక్కితే మాత్రం తిట్టేవాళ్ళు.

గురుకుల పాఠశాలలో చేరాక ఒక మధ్యాహ్నం భోజనాల గంట మోగింది. పిల్లలంతా మెట్ల దగ్గర తోసుకుంటున్నారు. నేను వరండా పిట్టగోడ మీద ఒక కాలు ఆనించి అవతలికి దూకేశాను. ఎదురుగా ఆటల సారు నిలబడి ఉన్నారు. దెబ్బలు తప్పవనుకున్నాను.

“మళ్ళీ దూకు” అన్నారు.

“కొడతారా సారూ?”

“కొట్టనే. ఏ కాలు మీద దిగుతావో సూద్దామని.”

మళ్ళీ దూకాను. ఆయన నా కాళ్ళ వైపే చూశారు. తర్వాత అన్నారు: “స్టీపుల్‌చేజ్ అని ఒక పరుగున్నాది. ముందల గుర్రాల మీద ఆడీవోరు. ఈ ఊరి చర్చి గోపురం కాడ్నించి ఆ ఊరి గోపురం దాకా, మజ్జిలో కంచొస్తే కంచె, కాలవొస్తే కాలవ, దూకీసి ఎల్లిపోడమే. తరవాత గుర్రాలు లేనోలు కాళ్ళతోటే మొదలెట్టినారు. మన జిల్లాలో ఆడపిల్లలెవులూ దీని జోలికి రారు. నువ్వొస్తావేటి?”

అన్నం చల్లారిపోతోందని వస్తానన్నాను. ఆ రోజు నుంచి హాస్టల్లో నా పేరు గుర్రం అయింది.

సారుది చీపురుపల్లి వైపు వ్యవసాయ కుటుంబం. ఆయన ఊరి నుంచి ఒక తాటి దుంగను ట్రాక్టరు మీద తెప్పించి, రెండు దిమ్మల మీద పెట్టించి, దానికి తెలుపూ నలుపూ రంగులు వేయించారు. “హర్డిల్‌కి కాలు తగిలితే అది పడిపోతాది. దీనికి తగిలితే నువ్వు పడిపోతావు. గుర్తెట్టుకో” అని మొదటిరోజే చెప్పారు. ఈ పరుగులో ప్రతి చుట్టులోనూ ఇలాంటి దుంగలు దాటాలి; వాటిలో ఒకదాని అవతల నీళ్ళగుంత కూడా ఉంటుంది. దుంగ పక్కన లోతుగా మొదలై, పోనుపోను లోతు తగ్గుతుంది. దుంగ మీద కాలు తొక్కి ఎంత దూరం దూకితే అంత తక్కువ నీళ్ళలో దిగుతాం. మేమూ ఒక గుంత తవ్వాం. బోరు నీళ్ళు పట్టి నింపితే తెల్లారేసరికి ఇసుక నేల అంతా తాగేసేది. వానలు పడ్డాక స్కూలు వెనక వరిచేల పక్కన కాలువ దొరికింది. కాలువ గట్టు మీద దుంగ పెట్టుకుని దూకేదాన్ని. బురదలో దిగి, చెప్పుల్లేని కాళ్ళతోనే మళ్ళీ గట్టెక్కి పరుగు.

ఆయన మంచివారు కాదని నేను ఇప్పుడు కూడా అనలేను. ఆదివారాలు ఇంటి నుంచి ఉడకబెట్టిన గుడ్లు తెచ్చేవారు. నాకు జ్వరం వస్తే వార్డెన్‌తో గొడవపడి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. నాకు మొదటి స్పైక్స్ బూట్లు కొన్నది ఆయనే. మా నాన్న ఎప్పుడూ సముద్రంలోనే ఉండేవాడు కాబట్టి, నా గురించి ఎవరైనా ఒక మగమనిషి రోజూ ఆలోచించడం అన్నది నాకు ఆయన దగ్గరే తెలిసింది. అందుకే ఆయన చెప్పింది చెప్పినట్టు చేశాను. పాదాలు చిట్లినా చేశాను.

జిల్లా పోటీల్లో నెగ్గాను. నెగ్గడమంటే, లెక్క కోసం మిగతా స్కూళ్ళు దించిన అమ్మాయిల్లో సగంమంది మొదటి నీళ్ళగుంత దగ్గరే ఆగిపోయారు. రాష్ట్రపోటీలు వేరే జిల్లాలో పెట్టారు. రైలు దిగి నేరుగా స్టేడియానికి వెళ్ళాం. నీళ్ళగుంతను చూపించమని సారు అడిగారు. మీద టార్పాలిన్ కప్పి ఉంది. పోటీలు పెట్టినవాళ్ళలో ఒక పెద్దమనిషి, “రేపు పొద్దున్న ట్యాంకరు వస్తుంది, నీళ్ళు పోస్తాం, మీరెందుకు కంగారు పడతారు మాస్టారూ” అని నవ్వాడు. సారు కూడా నవ్వి ఊరుకున్నారు. మర్నాడు మేం వెళ్ళేసరికి గుంత నిండా ఎర్రటి చెరువు నీళ్ళు. అడుగు కనిపించలేదు.

ఆ పరుగు నాకు చాలా బాగా గుర్తుంది. మొదట్లో వెనకే ఉన్నాను. సారు చెప్పింది అదే. ఒక్కో దుంగ దగ్గరా మిగతా అమ్మాయిలు వేగం తగ్గించి, అడుగులు సరిచూసుకుని ఎక్కుతున్నారు. నేను తగ్గించలేదు. నీళ్ళగుంత వచ్చిన ప్రతిసారీ ఒకరిద్దర్ని దాటాను. ఆఖరి చుట్టు మొదలయ్యేసరికి నా ముందు ఎవరూ లేరు. వెనక అడుగుల చప్పుడు కూడా దూరమైంది. ఎవరో గట్టిగా “శ్రీకాకుళం, శ్రీకాకుళం” అని అరిచారు. మా జిల్లా పేరుతో పిలుస్తున్నది నన్నే అని తెలియడానికి కొంచెంసేపు పట్టింది. నవ్వొచ్చింది. నవ్వుతూనే దుంగ మీద కాలు తొక్కి దూకాను.

ఎడమకాలు నీళ్ళలో దిగింది. నేల తగలాల్సిన చోట తగల్లేదు. పాదం ఒక గొయ్యిలోకి జారి ఇరుక్కుపోయింది. ఒళ్ళు ముందుకు వెళ్ళిపోయింది. మోకాలు లోపల ఏదో తెగిన చప్పుడు నాకు వినబడింది. ఎర్రనీళ్ళు నోట్లోకి వెళ్ళాయి. లేచి నిలబడబోతే మోకాలు పక్కకి వాలిపోయింది. నేను దాటి వచ్చిన అమ్మాయిలందరూ ఒక్కొక్కరే నా పక్కనుంచి నీళ్ళు చిమ్ముకుంటూ వెళ్ళిపోయారు. వాళ్ళను నేను ఏమీ అనను. నేనైనా అలాగే వెళ్ళిపోయేదాన్ని.

సారు పరుగెత్తుకుంటూ వచ్చి ప్యాంటుతోనే గుంతలోకి దిగారు. నన్ను గట్టు మీదికి ఎత్తి, మళ్ళీ వంగి భుజం దాకా చెయ్యి ముంచి అడుగు తడిమారు. అడుగున పరచాల్సిన రబ్బరు చాప లేదు. సిమెంటు ఊడిపోయి గొయ్యి పడింది. “ఇక్కడ పెద్ద బొక్కున్నాది. నా సెయ్యి దూరిపోతన్నాది” అని అక్కడున్న అందరికీ వినబడేలా అరిచారు. ఆ మాట నేను చెవులారా విన్నాను. మోకాలి నొప్పిలో కూడా, పోనీలే, సారు చూశారు అనుకున్నాను.

మూడోనాటికి మా అమ్మ రైలెక్కి అక్కడి ఆసుపత్రికి వచ్చింది. మంచం పక్కన నిలబడి నా కాలి కట్టు చూసింది. ఏడవలేదు.

“గుంతలో గొయ్యి ఎవుడు తవ్వినాడు?” అని సారును అడిగింది.

“ఎవులూ తవ్వలేదమ్మా. పాతదయిపోనాది.”

“పాతదయితే పిల్లల్నెందుకు దించినారు? పోటీలెట్టినోలనేటి అడగలేదా మీరు?”

సారు కిటికీ వైపు చూశారు. ఆ తర్వాత ఆయన చెప్పినది, అమ్మకు చెప్తున్నట్టుగానే ఉంది గానీ నాకే చెప్పారు.

“ఆలు పిలిసి అడిగినారు. పిల్లకి మోకాలు నొప్పి ముందే ఉన్నాదని సెప్పీసినాను.”

నాకు అర్థం కాలేదు. “నాకెక్కడుంది సారూ నొప్పి?” అన్నాను.

“ఇనవే. గొడవెట్టుకుంటే వచ్చే ఏడు మన స్కూలోలని దించరు. నీ ఎనకాల ఇంకా పిల్లలున్నారు. నీది ఎలగూ అయిపోనాది.”

నీది ఎలగూ అయిపోనాది. డాక్టరు అప్పటికి నాతో ఏమీ చెప్పలేదు. నా కాలు ఇంక పరుగుకు పనికిరాదని నాకు అలా తెలిసింది.

మా అమ్మ తలుపు వైపు చూపించింది. “నువ్వు బయటికెల్లు నాయినా” అంది. అంతే.

సారు చెప్పిన ఆ ఒక్క మాట వెనక ఎన్ని వచ్చాయో చెప్పాలి. ముందే నొప్పి ఉందన్నారు కాబట్టి ఆపరేషనుతో మాకు సంబంధం లేదని పోటీలు పెట్టినవాళ్ళు చేతులు దులుపుకున్నారు. నొప్పి దాచిపెట్టి పరుగెత్తిందని వార్డెన్ అసెంబ్లీలో అందరి ముందూ అందట. “మెడల్ కోసం అబద్ధమాడినావంటగదే” అని హాస్టల్లో నా పక్కమంచం అమ్మాయే ఫోన్ చేసి అడిగింది. గుంతలో గొయ్యి సంగతి ఎవరికీ తెలియదు. నేను అబద్ధాలకోరునన్న సంగతి అందరికీ తెలిసింది. ఇంకో సంగతి కూడా చెప్పాలి. మరుసటి ఏడు మా స్కూలు పిల్లలు ఆ పోటీలకు వెళ్ళారు. ఒకమ్మాయికి పతకం కూడా వచ్చింది. వెనకాల పిల్లల గురించి సారు అన్నది అబద్ధమైతే నాకు కొంచెం తేలికగా ఉండేది. ఆయన్ని ఆ తర్వాత పట్నంలో పెద్ద శిక్షణ కేంద్రానికి తీసుకున్నారు.

మోకాలికి విశాఖలో పెద్దాసుపత్రిలో ఆపరేషను అయింది. ఆలస్యంగా అయింది. నెలల తరబడి ఇంట్లో కాలు చాపుకుని కూచున్నాను. పనిలేక మా నాన్న ఫోన్లో పరుగులు చూసేదాన్ని. ఒకరోజు వెతుకుతుంటే గుర్రాల స్టీపుల్‌చేజ్ వచ్చింది. ఏదో చల్లటి దేశం, పచ్చటి మైదానం, నా హాస్టలు పేరుతో పరుగెత్తుతున్న జంతువులు. ఎంత అందంగా దూకుతున్నాయో. ఒక గుర్రం కంచె తట్టుకుని పడింది. లేచి మూడుకాళ్ళ మీద నిలబడింది. మనుషులు పరుగెత్తుకొచ్చి దాని చుట్టూ ఆకుపచ్చ తెర కట్టారు. చేపలు తోముతున్న అమ్మ వెనకనుంచి చూసింది.

“ఆ గుడ్డేటికే?”

“జనానికి కనబడకుండా అమ్మా.”

“ఏటి కనబడకుండా?”

దాన్ని చంపెయ్యడమని నేను చెప్పలేదు. అమ్మకు అర్థమైంది. “కాలిరిగితే కట్టు కట్టొచ్చు గదా, ముండాకొడుకులు” అని, చేపల తడిచేత్తోనే ఫోను లాక్కుని బోర్లా పెట్టేసింది.

ఇప్పుడు నేను చీపురుపల్లిలో ఒక బట్టల కొట్లో చీరలు చూపిస్తాను. పొద్దున్న నుంచి నిలబడే ఉండాలి. బేరం లేకపోయినా కూర్చోకూడదు. సాయంత్రానికి మోకాలు వాస్తుంది. నాకు కుర్చీ ఎందుకు కావాలో యజమానికి చెప్పాలంటే మొత్తం కథ చెప్పాలి. అందుకని చెప్పలేదు.

పోయిన ఏడాది సారు రిటైరయ్యారు. శిష్యులంతా కలిసి విజయనగరంలో సన్మానం పెట్టారు. ఆయనే స్వయంగా ఫోన్ చేశారు. “నువ్వు నా మొదటి పిల్లవే. నువ్వు రాపోతే ఎలగ?” ఆ గొంతు వినగానే నా ఒంట్లో ఏదో మెత్తబడింది. అందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. అయినా సెలవు పెట్టాను. అమ్మ కూడా వస్తానంది. “ఆయనేటంటాడో నానూ ఇంటాను” అంది.

హాల్లో మా ఇద్దరినీ ముందు వరసలో కూచోబెట్టారు. పోలీసులు, రైల్వేవాళ్ళు, వ్యాయామం టీచర్లు, ఎంతోమంది ఆయన వల్ల ఉద్యోగాల్లోకి వచ్చినవాళ్ళు. సారు జుట్టు పూర్తిగా తెల్లబడింది. మాట్లాడుతూ మాట్లాడుతూ నన్ను వేదిక మీదికి పిలిచి, నా భుజం మీద చెయ్యి వేశారు.

“ఈ పిల్ల దూకితే గుర్రం దూకినట్టుండీది. మోకాలు నొప్పితోనే పరుగెత్తినాది. నాను వద్దన్నాను, ఇనలేదు. ఆ నొప్పే లేపోతే ఇండియాకి ఆడీది” అన్నారు. ఆయన కళ్ళు తడిశాయి.

మైకు నా చేతికిచ్చారు.

“నా కాలికి ఏ నొప్పీ లేదండీ” అన్నాను.

గొయ్యి గురించి చెప్పబోయాను. ఈలోగా చప్పట్లు మొదలయ్యాయి. నేను కుంటుకుంటూ మెట్లెక్కడం అందరూ చూశారు కదా. నొప్పి దిగమింగి ధైర్యంగా అంటున్నాననుకున్నారు. కొందరు లేచి నిలబడి కొట్టారు. సారు కూడా కొట్టారు. చప్పట్లు తగ్గేలోపే ఒకాయన మైకు తీసుకుని శాలువా కప్పించాడు. నేను మెట్లు దిగాను.

తిరుగురైల్లో అమ్మ నా ఒళ్ళోని శాలువా తీసి మడతపెట్టింది. తర్వాత, “గట్టిగా మళ్ళీ సెప్పాల్సిందే నువ్వు” అంది.

“సెప్పినాను గదమ్మా.”

“ఆలకి ఎక్కినాదేటి?”

లేదు అన్నాను.

మర్నాడు కొట్లో ఉండగా సారు ఫోన్ చేశారు. బాగా మాట్లాడావని మెచ్చుకున్నారు. నేను చీరల మధ్యనుంచి తప్పుకుని వెనకగదిలోకి వెళ్ళాను.

“సారూ, నాకు ముందు ఏ నొప్పీ లేదు. గుంతలో గొయ్యుంది. మీరే సెయ్యెట్టి సూసినారు.”



“గొయ్యేటి? ఏ గుంతలో?” అన్నారు. తర్వాత, చిన్నపిల్లను బుజ్జగించే గొంతుతో, “నువ్వు అప్పుడు సిన్నపిల్లవి. నీకు నొప్పుండీదమ్మా. రోజూ నానే గదా మందు రాసీవోడ్ని. నువ్వు మర్సిపోనావు” అన్నారు.

ఆయన అబద్ధం ఆడుతున్నారనిపిస్తే తిట్టేదాన్నే. ఆ గొంతులో అబద్ధం లేదు. ఆ మందు వాసన కూడా ఆయనకు గుర్తున్నట్టే ఉంది. ఇన్నేళ్ళూ ఆయన ఒప్పుకునే రోజు కోసమే ఎదురుచూశానని నాకు అప్పుడు తెలిసింది. ఒప్పుకోవాల్సిన మనిషి లోపల ఆ సంగతే మిగల్లేదు.

“సరే సారూ” అని పెట్టేశాను. బయట ఎవరో పెళ్ళివాళ్ళు వచ్చారు, రమ్మని పిలుస్తున్నారు. వెళ్ళి, వాళ్ళు అడిగిన రంగు పట్టుచీరలు పై అర నుంచి దించడానికి స్టూలెక్కాను.