గడప మీద ఎరుపు

అమీర్‌పేటలో మా అపార్ట్‌మెంట్ బోరు నీళ్ళు తేడాగా ఉన్నాయని మిగతా ఫ్లాట్లవాళ్ళు రెండు నెలలుగా మొత్తుకుంటుంటే, నీళ్ళు పరీక్షించే ఆయన ఇవాళ వచ్చారు. సీసాలో పట్టి వెలుతురుకి పెట్టి చూశారు. అద్దంలా ఉన్నాయి. మూత బిగించి వెళ్ళబోతూ మా గుమ్మం దగ్గర ఆగిపోయారు.

శుక్రవారం కదా, పొద్దున్నే గడపకి పసుపు రాశాను. అది పారాణిలా ఎర్రగా ఉంది.

"గిదేంది మేడమ్, పసుపుల సున్నం కలిపిన్రా?"

"లేదండీ, ఉత్త పసుపే. మాది దుగ్గిరాల పసుపు, అంత రంగొస్తుంది," అన్నాను గర్వంగా.

ఆయన నవ్వలేదు. "బోరు నీళ్ళతోని తడిపిన్రా? జర రెండు గిన్నెలు తెండి. ఒకదాంట్ల బోరు నీళ్ళు, ఇంకోదాంట్ల నల్లాల వచ్చే మంజీరా నీళ్ళు."

రెండింట్లోనూ చిటికెడు పసుపు వేశారు. మంజీరా నీళ్ళలో పసుపుపచ్చగానే ఉంది. బోరు నీళ్ళలో నా కళ్ళ ముందే ఎర్రబడింది. వెనక సందులో, కోచింగ్ పిల్లల హాస్టల్ పక్కన, ఇనుప సామాన్లకు పూత వేసే షెడ్డుంది. సున్నంలాగే పసుపుని ఎర్రబరిచే కాస్టిక్ సోడా అక్కణ్ణించి భూమిలోకి దిగుతోందేమోనని ఆయన అనుమానం. ఖాయంగా చెప్పాలంటే ల్యాబ్ రిపోర్టు రావాలట.

ప్రతి శుక్రవారం ఆ ఎరుపు చూసి మురిసిపోయాను. పక్క ఫ్లాటావిడకి అరకిలో పసుపు తెప్పించి మరీ ఇచ్చాను. మా పాప ఒంటి మీది దద్దుర్లకి మూడు సబ్బులు మార్చాను గానీ, నీళ్ళు మార్చాలని తోచలేదు.

మీరూ బోరు నీళ్ళలో చిటికెడు పసుపు వేసి, ఏ రంగొచ్చిందో కింద రాయండి. ఎర్రగా వస్తే మాత్రం నాలా పసుపుని మెచ్చుకోకండి.