తాత చొక్కాల బొంత

వీధిలో అందరూ ఆయన్ని బ్యాటరీ తాత అంటారు. పాత బ్యాటరీలు విప్పి, లోపలి సీసం పలకలు మార్చి, మొరాయించిన బండికి ప్రాణం పోయడం ఆయన పని. ఆయన నోటికి మాత్రం ఏ చార్జింగూ అక్కర్లేదు, పొద్దస్తమానం నడుస్తూనే ఉంటుంది. ఆ నోరు మూయించగలిగేది ఇద్దరే: ఒకరు భార్య, రెండోది కూతురి కూతురు బుడంకాయ. నాలుగేళ్లు నిండని ఆ పిల్ల ఇల్లంతటినీ ఆడిస్తుంది.

అలాంటి బుడంకాయ ఒంట్లో సీసం ఎక్కువగా ఉందని అంగన్‌వాడీ బడిలో చేసిన రక్తపరీక్షలో తేలింది. వేలెడంత పిల్లకి సీసమేమిటండీ, విడ్డూరం కాకపోతే!

"ఇది పిల్లల మెదడు ఎదుగుదలని దెబ్బతీస్తుంది తాతగారూ. మీ బట్టల మీది దుమ్ము ఇంట్లోకి వస్తోంది. ముందు ఆ దారి మూసేయండి. మీరూ పరీక్ష చేయించుకోండి" అంది ఆ పరీక్ష చేసిన నర్సమ్మ.

తాత తన చొక్కా కేసి చూసుకున్నాడు. రోజూ సాయంత్రం గుమ్మంలోనే పిల్ల ఎగిరి మెడకి చుట్టుకునేది. ఆయన ఆ మురికి చొక్కాతోనే ఎత్తుకుని ముద్దులాడేవాడు.

మర్నాటి నుంచి ఆయన హడావిడి చూడాలి! కొట్టు వెనక కొళాయి చుట్టూ రేకులు కట్టి స్నానాలగది చేశాడు. పని బట్టలూ చెప్పులూ అక్కడే. ముక్కుకి మాస్కు. సాయంత్రం తల రుద్దుకుని, ఇస్త్రీ బట్టల్లో పెళ్లికొడుకులా దిగేవాడు.

"ఈ వయసులో ఈ సోకులేమిటండీ" అని అమ్మమ్మ నవ్వేది.

"నీకోసం కాదులేవే, కుళ్లుకోకు" అనేవాడు.

కొన్ని నెలలకి మళ్లీ పరీక్ష. సీసం ఇసుమంతైనా తగ్గలేదు. తాత కుప్పకూలిపోయాడు. "కొట్టు మూసేస్తాను. దానికంటే నాకా పనెక్కువా?" అన్నాడు. ఆ పని తప్ప మరోటి ఎరగని మనిషి, నిజంగానే మూసేసేలా ఉన్నాడు.

"తొందరపడకండి, ఓసారి ఇల్లు చూస్తాను" అని నర్సమ్మ మర్నాడు పొద్దున్నే వచ్చింది. అమ్మమ్మ అప్పుడే పిల్ల పక్క సర్దుతూ బొంతని ఫటఫటా దులుపుతోంది. కిటికీలోంచి పడే ఎండలో దుమ్ము లేచింది.

"అమ్మా, ఈ బొంత దేంతో కుట్టారు?"

అమ్మమ్మ మొహం వెలిగిపోయింది. "ఈయన పాత పని చొక్కాలమ్మా! ముతక గుడ్డ, చిరగమన్నా చిరగదు. మా బుడంకాయకి ఇది లేకపోతే కునుకు పట్టదు. కొస నోట్లో పెట్టుకుని నములుతూనే..." అంటూ ఆగిపోయింది. చేతిలోంచి బొంత జారిపోయింది.

"ఉతుకుతూనే ఉన్నాను కదమ్మా..." అంటూ కళ్లొత్తుకుంది.

"అతుకుల్లో ఇరుక్కున్నది ఉతికినా పూర్తిగా పోదమ్మా. మీకెలా తెలుస్తుంది?" అని నర్సమ్మ ఆవిడ భుజం పట్టుకుంది.

తాత భార్య పక్కన చతికిలబడ్డాడు. "ఏడవకే పిచ్చిదానా. చొక్కాలు నావి, కుట్టు నీది. ఇద్దరం కలిసి చేసిందే, ఇద్దరం కలిసి సరిచేద్దాం."

నర్సమ్మ బొంతని సంచిలో మూటగట్టి తీసుకుపోయింది. అమ్మమ్మ చీపురు పక్కన పడేసి, దుమ్ము లేవకుండా ఇల్లంతా తడిగుడ్డతో తుడిచింది. బుడంకాయ మాత్రం ఇల్లు పీకి పందిరేసింది. "నా తాత బొంత నాకిచ్చేయండీ!"

తాత బీరువా తెరిచాడు. ఎవర్నీ ముట్టుకోనివ్వని మంచి చొక్కాల్లో ఒక్కటి ఉంచుకుని మిగతావన్నీ తీసి భార్య ముందు పడేశాడు. "కత్తిరించు."

"అయ్యయ్యో, ఇది అమ్మాయి కొనిపెట్టింది కదండీ!"

"అయితే దాని కూతురే కప్పుకుంటుంది. కానియ్!"

కొత్త బొంత తయారైంది. బుడంకాయ వాసన చూసి విసిరికొట్టింది. "దీనికి తాత వాసన లేదు!"

తాత ఊరుకుంటాడా? రోజూ స్నానం చేసొచ్చి, ఆ బొంతని ఒంటికి చుట్టుకుని, రాజుగారిలా మీసం దువ్వుతూ ఇల్లంతా తిరిగేవాడు. పిల్ల కిలకిల నవ్వుతూ వెనకాల పడేది. కొన్నాళ్లకి ఆ బొంతలోనే ఇద్దరూ గుర్రు పెడుతూ కనిపించారు.

తర్వాతి పరీక్షలో సీసం బాగా తగ్గింది. "ఇలాగే ఉండండి, ఇంకా తగ్గుతుంది" అంది నర్సమ్మ. తాత ఆసుపత్రి వరండాలోనే చిందులేశాడు, అమ్మమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడుస్తూ నవ్వింది.

ఆ సాయంత్రం ఆయన మిగిలిన ఒకే ఒక్క మంచి చొక్కా తొడుక్కుని ఇంటికొచ్చాడు. బుడంకాయ గుమ్మంలోంచే ఎగిరి మెడకి చుట్టుకుంది. ముక్కు ఆనించి గట్టిగా పీల్చింది.

"తాతా, నువ్వు అచ్చం నా బొంత వాసనొస్తున్నావు!"