వాకిలి కాసే జఖార్

జఖార్ ఈ ఒడ్డున ముద్దు పెడితే ఇస్సిక్‌కుల్ సరస్సు ఆవలి ఒడ్డున వినిపించేది. సరే, అంత దూరం కాదు గానీ, నీళ్లమీది బాతులు మాత్రం ఉలిక్కిపడి లేచేవి. ముప్పయ్యేళ్లుగా ప్రార్థన మందిరం వాకిట్లో నిలబడి, వాళ్ల సంఘం ఆచారం ప్రకారం వచ్చినవాళ్లందరినీ మీసం గుచ్చుకునేలా మూడేసిసార్లు ముద్దాడడం ఆయన పని. ఆ చలికాలం ఫ్లూ సోకి ఊళ్లో ఇద్దరు పోయారు. ముద్దులు మానాలనీ, దగ్గేవాళ్లను లోపలికి రానివ్వకూడదనీ పాస్టరు చెప్పాడు. జఖార్ గడ్డి ఎగదోసే పంగలకర్రను అడ్డంగా పట్టుకుని, దాని వెనకనుంచే అందరికీ తల వంచి పలకరించాడు. చివరగా, ఊపిరితిత్తులు పాడైన ముసలి మార్ఫా మెట్లెక్కుతుండగా ఆయనకే దగ్గు తెర ముంచుకొచ్చింది.

“ఏం తమ్ముడూ, దగ్గేవాళ్లకు ప్రవేశం లేదన్నావుగా?” అంది మార్ఫా అక్కడే ఆగి.

“లేదక్కా. ఈ ముసలి గాడిదను ఇప్పుడే గెంటేస్తున్నా. వీడు దూరం పోయాక నువ్వు లోపలికెళ్లు.”

తన కాలరు తానే పట్టుకుని పెరట్లోకి ఈడ్చుకుపోయాడు. ఇంటికి పొమ్మంటే కాళ్లు వినలేదు. మూసిన కిటికీకి అవతల, మంచులో నిలబడి ప్రతి పాటకూ బొంగురు గొంతు కలిపాడు.

ఇప్పుడెవరైనా ఆ సంగతి ఎత్తితే ఇంతెత్తున లేస్తాడు. “దగ్గా? నాకా? ఆ రోజు నేనసలు మందిరంలో అడుగే పెట్టలేదు. కావాలంటే మార్ఫాను అడుగు!”