మాస్టారు మెచ్చిన కొండవాలు

మాస్టారు పోయారన్న కబురు ఫోన్లో వచ్చింది. దండ వేసిన ఫోటో, కింద ‘గిరిజన బంధువు’ అన్న మాట. అది ఎవరు రాయించారా అన్న అనుమానమే ముందు కలిగింది. ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

నాకు అక్షరాలు దిద్దించింది ఆయనే. అరకు దగ్గర మా కొండ ఊరికి పార్టీ మనిషిగా వచ్చి, మా ఇంట్లోనే ఉండి, మాలాగే చెప్పుల్లేకుండా కొండలెక్కి, మేం తాగిన రాగి అంబలే తాగారు. షావుకారు చేతిలో పడిన పక్కింటి తాత భూమిని, ఊరందర్నీ వెంటబెట్టుకుని వెళ్లి విడిపించారు. “మీ కొండకి ఎవరొచ్చినా, ఎందుకొచ్చావని ముందు అడగండి” అనేవారు. ఈరోజు నేను ఆశ్రమ పాఠశాలలో పాఠం చెబుతున్నానంటే ఆయన చలవే.

సాయంత్రాలు తాత భూమిలో, కాఫీ మొక్కల మధ్య నిలబడి లోయకేసి చూసేవారు. “ఇక్కణ్ణుంచి ఎంత బావుంటుందో!” అని మురిసిపోయేవారు. ఆ చూపు ఎప్పుడు మారిందా అని ఇప్పటికీ వెతుక్కుంటాను. అసలు మారిందా అని కూడా.

తర్వాత పార్టీ వదిలేసి విశాఖ వెళ్లిపోయారు. చాలా ఏళ్లకి కారులో వచ్చారు, అమ్మకి చీర పట్టుకుని. అమ్మ చీర ముట్టుకోలేదు.

“ఎందుకొచ్చేరు మాస్టారూ?” అంది.

“నేను నేర్పింది నన్నే అడుగుతున్నావా చెల్లెమ్మా!” అని నవ్వి, మెల్లగా విషయం చెప్పారు. తాత భూమి కొని రిసార్టు కట్టాలట. ఇక్కడి భూమి గిరిజనులు కానివాళ్లు కొనకూడదు కనక అమ్మ పేరు కావాలట. “పేరు మాత్రమే నీది. మిగతాదంతా నేను చూసుకుంటా. మా అబ్బాయి మెడిసిన్ చదువు, సిటీలో ఫ్లాటు... నేనూ నలుగురిలా బతకాలి కదా!”

“ఆ బూమి తాతకి ఇప్పించింది నువ్వే కాదేటి?” అంది అమ్మ. ఆయన్ని ‘నువ్వు’ అనడం అదే మొదలు.

ఆయన మళ్లీ మా గడప తొక్కలేదు. ఏడాది తిరక్కుండా ఆ వాలులో కాటేజీలు లేచాయి, మా కొండవాడే అయిన ఆయన డ్రైవరు పేరు మీద. తాత అక్కడే మొక్కలకి నీళ్లు పోసే పనికి కుదిరాడు.

శవాన్ని రిసార్టుకే తెచ్చారు. అది ఆయన చివరి కోరికట. నిజంగా అడిగారో, రిసార్టుకి పేరొస్తుందని ఇంకెవరైనా అనుకున్నారో!

మైకులో ఎవరో ఆయన త్యాగాలు చెబుతున్నారు. అమ్మ వినలేదు. కాళ్ల దగ్గర కూర్చుని, దుప్పటి కాస్త తొలగించి, రెండు పాదాలూ తడిమింది.

“సూడు గుంటా, ఎంత మెత్తగైపోనాయో” అంది నాతో.

చేతులు మాత్రం తియ్యలేదు.